ఇరానోళ్ళ మసీదు ముందర పులి

మా ఆయన కుళ్ళాయప్పకు జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. అది నేను కాదు. పెండ్లయిన మూడో నెలకే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. మా ఊరి చావిడిలోని అయిదు పీర్లలో అన్నిటికంటే ఎత్తయిన పెద్ద పీరును ఎత్తుకుని, అగ్నిగుండం చుట్టూ మూడు చుట్లు తిరగాలి. అదీ ఆయన కోరిక.

పీరంటే తెలియనివాళ్ళు మా అనంతపురం జిల్లాలో లేరు. వేరేచోటి వాళ్ళ కోసం చెబుతున్నాను. పొడుగాటి వెదురు కర్ర, దాని కొసన ఇత్తడి హస్తం, చుట్టూ పట్టుగుడ్డలు, మల్లెపూలు. మొహరం నెలలో వాటిని పెట్టెలోంచి తీసి చావిడిలో కూర్చోబెడతారు. ఏడో రోజు పొద్దుగూకే వేళకు మొదటిసారి బయటికి ఎత్తుతారు. ఎత్తేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, పులివేషం కట్టేవాళ్ళు, మొక్కుకునేవాళ్ళు, అందరూ మేమే, హిందువులమే. శింగనమల చెరువుకు అవతల ఉన్న మా ఊళ్ళో సాయిబుల ఇల్లు ఒక్కటే, పీర్లను చూసుకునే ముజావరు ఇమాంసాబుది. ఆయన ఫాతెహా ప్రార్థన చదివితేనే పెట్టె తెరుచుకునేది.

పెద్ద పీరు ఎత్తే హక్కు మా చిన్నమామ నరసింహప్పది. ఆయన తర్వాత మా ఆయనది. ఇరవై ఏళ్ళు మా ఆయన 'తర్వాత'గానే ఉండిపోయాడు. మామకు ఎనభై దాటినా భుజం వంగలేదు. పందొమ్మిది వందల ఎనభై అయిదులో, ఉగాదికి ముందు ఆయన పోయాడు. మా ఆయన నిజంగానే ఏడ్చాడు, అబద్ధమెందుకు. కానీ నెల తిరక్కముందే పెరట్లో వెదురుబొంగు కొసన ఇసుక నింపిన చెంబు కట్టి, పొద్దునా సాయంత్రం ఎత్తి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ చెంబు రెండుసార్లు నా వడియాల మీద పడింది. ఒకసారి పొరుగింటి పద్మావతమ్మ నీళ్ళకుండ మీద పడింది. మా ఊళ్ళో కుండ పగిలినా పరవాలేదు, అందులోని నీళ్ళు పోతే మాత్రం మాటలు పోతాయి. మూడేళ్ళుగా వానల్లేవు. పద్మావతమ్మ నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు.

ఇంతా చేస్తే, మొహరానికి ముందు వచ్చే బక్రీదు నెలలో ఇమాంసాబు కూడా పోయాడు. కొడుకులు లేరు. చుట్టుపక్కల ఊళ్ళ ముజావర్లను అడిగితే, ఎవరి పీర్లు వాళ్ళకున్నాయి, అవే పది రోజులు, ఎవరూ రామన్నారు. చదివే మనిషి లేకపోతే పెట్టె తెరవరు. పెట్టె తెరవకపోతే పీరు లేదు. మా ఆయన అన్నం ముందర కూర్చుని మెతుకులు లెక్కపెట్టేవాడు.

ఆ సమయంలో పీరుకు పట్టుగుడ్డ కోసమని ధర్మవరం పోయి, అక్కడ షావుకారు నారాయణస్వామి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. షావుకారు ఒక కాగితం మీద అడ్రసు రాసిచ్చాడంట.

"బెంగుళూరులో ఇరానోళ్ళ మసీదుండాది. ఆయప్పలు షియాలు. టీ హోటళ్ళు పెట్టుకున్నోళ్ళు, రొట్టెలు కాల్చేటోళ్ళు, చదువుకునేకి వచ్చినోళ్ళు అందరూ చేరి కట్టుకున్నారు. పీర్లకు అసలు సొంతదారులు వాళ్ళే. నా దగ్గర నల్లపట్టు కొంటారు. ఆడికి పోయి అడుగు కుళ్ళాయప్పా" అన్నాడంట.

ఆ కాగితం చూసుకుని మా ఆయన రెండు ముద్దల సంగటి తిన్నాడు.

ముజావరును పిలవడానికి ఊరికే పోకూడదు. పళ్ళెంలో తాంబూలం, చక్కెర, కొత్త రుమాలు పెట్టుకుని, ముందర డప్పు, పులి పెట్టుకుని పోవాలి. ఇమాంసాబు ఇల్లు చావిడికి నాలుగు అంగల దూరం, అయినా ప్రతి ఏడూ అట్లాగే పిలిచేవాళ్ళం. ఇంకో కట్టడి కూడా ఉంది. ఆయన గడప ముందర డప్పు మోగక ముందు పిలవడానికి పోయినవాళ్ళెవరూ నోరు విప్పకూడదు. విప్పితే ఆ ఏడు పీరు బరువెక్కి లేవదని నమ్మకం.

కాబట్టి అయిదో రోజు పొద్దున నలుగురం బయలుదేరాం. పళ్ళెంతో మా ఆయన. డప్పుతో ఎర్రన్న. పులి వేషంలో బయ్యన్న. నేనెందుకంటే ఉర్దూ కోసం. నేను పుట్టింది కదిరిలో, గోడకవతల గాజులమ్మే సాయిబుల ఇల్లు. ఉర్దూలో నాకు ముందు తిట్లు వచ్చాయి, మాటలు తర్వాత వచ్చాయి.

బయ్యన్నను బెంగుళూరులో రంగు పూసుకోమంటే వినలేదు. ఒళ్ళంతా పసుపు రంగు, దాని మీద నల్లచారలు, మొత్తం నాలుగు గంటల పని. తెల్లవారకముందే ఇంట్లో పూయించుకుని, మూరెడు బద్ద పెట్టి కుట్టిన తోకతో ఎర్రబస్సు ఎక్కాడు. రంగు ఆరలేదు కాబట్టి కూర్చోడానికి లేదు. పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కండక్టరు ఎగాదిగా చూసి, "దీనికి లగేజి కొట్టల్లా, టికెట్టు కొట్టల్లా?" అన్నాడు.

"నోరుండేదానికి టికెట్టే కొట్టల్ల, కొట్టప్పా" అన్నాడు బయ్యన్న.

పెనుకొండ దాటేసరికి బస్సంతా మాదే అయింది. ఒకావిడ చంటిబిడ్డను తెచ్చి, జడుసుకున్న దిగులు పోతుందని పులి చేత తల నిమిరించింది. బిడ్డ నెత్తి పసుపు పచ్చనైంది. ఇంకొకావిడ తన మొగుణ్ణి ముందుకు తోసి, "ఈయప్పకూ దిగులే, నిమురు" అంది. కొడికొండ దగ్గర కర్ణాటక పోలీసాయన తనిఖీకి ఎక్కి, పులిని చూసి, "ఒందు సల కుణియప్పా" అన్నాడు. ఒకసారి ఆడమని. బయ్యన్నకు ఆ మాట చాలు. ఎర్రన్న దరువేశాడు, సీట్ల మధ్య పులి గెంతింది, తోక తగిలి డ్రైవరు టోపీ కిటికీలోంచి పడింది. డ్రైవరు దిగి టోపీ తెచ్చుకుని, దుమ్ము దులుపుకుని, ఇంకోసారి కొట్టమన్నాడు. నవ్వీ నవ్వీ నా పక్కలు నొప్పి పుట్టాయి. మా ఆయన మాత్రం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చక్కెర ఒలక్కుండా, పెండ్లికొడుకు మాదిరి కూర్చున్నాడు.

బెంగుళూరులో ఆటో ఎక్కితే లోపల నలుగురం, బయట తోక. సాయంత్రం నాలుగవుతుండగా మసీదు వీధి మొగలో దిగాం. కట్టడి ప్రకారం అక్కడినుంచి నలుగురం నోళ్ళు మూసుకున్నాం.

మసీదు చిన్నదే. గుమ్మటానికి నీలం పలకలు. కానీ గేటుకు నల్లజెండాలు. మొగవాళ్ళందరూ నల్లచొక్కాలు. ఆడవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా నల్లదుప్పట్లు కప్పుకుని, కళ్ళు తుడుచుకుంటూ పక్క తలుపులోంచి పోతున్నారు. లోపల మైకులో ఎవరో చెబుతూ చెబుతూ గొంతు పూడిపోయి ఆగుతున్నారు, దాని వెనకే వందల గొంతులు ఒక్కసారిగా ఏడుస్తున్నాయి.

ఇక్కడేదో చావు జరిగింది, ఇప్పుడు డప్పు కొట్టకూడదు. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. నోరు విప్పితే మా ఆయన ఇరవై ఏళ్ళ కోరిక నా వల్ల పోయిందంటాడు, నా బతుకంతా అంటాడు. విప్పకపోతే వీపులు పగుల్తాయి. మా ఆయన మోచేతిని గిల్లాను. ఆయన పళ్ళెం సర్దుకున్నాడు. బయ్యన్న తోక లాగాను. సరిచేస్తున్నాననుకుని తిరిగి నిలబడ్డాడు. ఇక లాభం లేదని ఎర్రన్న వైపు తిరిగి, ఆగమని చెయ్యెత్తాను.

మా ఊళ్ళో చెయ్యెత్తితే కొట్టమని అర్థం.

ఎర్రన్న డప్పు గురించి ఏం చెప్పాలి. పక్క ఊరికి వినపడకపోతే ఆయనకు అవమానం. మొదటి దెబ్బకు గుమ్మటం మీది పావురాలన్నీ లేచిపోయాయి. బయ్యన్న ఒక్క ఊపున గేటు దాటి, వరసగా పెట్టిన రెండు వందల జతల చెప్పుల మీదుగా గెంతి, మెట్ల మీద బోర్లాపడి గాండ్రించాడు. మైకు ఆగిపోయింది. ఏడుపూ ఆగిపోయింది. తలుపులోంచి నల్లచొక్కాలన్నీ బయటికి వచ్చి, ఎర్రబడిన కళ్ళతో పులిని చూస్తూ నిలబడ్డాయి.

ముందువరసలో ఉన్న ఒక పడుచువాడు నా దగ్గరికొచ్చాడు. "ఇక్కడ మనుషులు ఏడుస్తుంటే మీకు కనిపించడం లేదా?" అన్నాడు ఉర్దూలో.

డప్పు మోగింది కాబట్టి నాకు నోరొచ్చింది. "కనిపిస్తోంది నాయనా, తప్పయింది. పోయినదెవరు?"

"ఇమాం హుసేన్."

మసీదు పెద్దాయన కాబోలనుకున్నాను. "అయ్యో. ఎప్పుడు పోయారు?"

"పదమూడు వందల ఏళ్ళయింది" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. మా పెద్ద పీరు పేరు ఊశన్న. హుసేన్‌నే మా ఊళ్ళో ఊశన్న అంటాం. మావాళ్ళ వైపు తిరిగి, "మన ఊశన్న పోయినాడని ఏడుస్తాండారంట" అని చెప్పాను.

మా ఆయన వీళ్ళందరినీ జాలిగా చూశాడు. "ఊశన్న యుద్ధంలో పోయింది మనకు మాత్రం తెలీదా. పోయినాడు గాబట్టే గదా దేవుడైనాడు. దేవుడైనంక ఎగరల్ల గానీ, ఏడ్చేదేందప్పా? అడుగు కదిరమ్మా" అన్నాడు.

నేను అడగలేదు. నాకూ వీపుంది. "మా ఊళ్ళో ఆయనకు ఆడి మొక్కుతాం, ఎగతాళికి కాదు" అని మాత్రం అన్నాను.

ఈలోపల జనం పక్కకు తప్పుకున్నారు, నల్లతలపాగాతో మౌల్వీసాబు బయటికి వచ్చాడు. తెల్లగడ్డం, మెత్తటి మాట. మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. పెట్టె సంగతి, ఇమాంసాబు సంగతి, మా ఆయన ఇరవై ఏళ్ళ సంగతి అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పులిని మాత్రం మధ్యమధ్య చూస్తూ ఉన్నాడు.

"అమ్మా, మీ ఊళ్ళో హుసేన్ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగాడు.

"లేరు సాబ్. డప్పులు కొడతాం, గుండం చుట్టూ ఆడతాం, మలీద ముద్దలు పంచుతాం" అన్నాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ పది రోజులు నేను ఇక్కడినుంచి కదలకూడదు. చాయ్ తాగి వెళ్ళండి" అని లోపలికి పోయాడు.

ఆ మాటలు తెలుగులో చెప్పేటప్పుడు మా ఆయన ముఖం చూడలేకపోయాను. అన్నాళ్ళు వేళాకోళం చేసినదాన్ని. ఆ కోరిక ఎంత పిచ్చిదైనా, ఆ మనిషికి ఉన్నది అదొక్కటే. నలభై ఆరేళ్ళ మనిషి, మెట్టు మీద కూలబడి, పళ్ళెంలో చక్కెరకు చీమలు పట్టకుండా ఊదుకుంటూ కూర్చున్నాడు.

చాయ్ తెచ్చిన మనిషి ముసలివాడు. చిన్న గాజుగ్లాసుల్లో, పాలు లేని చాయ్. "పాలు ఇరిగిపోయినట్టుండాయి పాపం" అన్నాడు బయ్యన్న నా చెవిలో. ముసలాయన మమ్మల్ని చూడలేదు, డప్పునే చూస్తున్నాడు. పేరు గులామబ్బాస్. ఇరాన్‌లో సముద్రం ఒడ్డున బూషెహ్ర్ అనే ఊరంట. పదహారో ఏట ఓడెక్కి వచ్చాడంట, ఇప్పుడు డెబ్భైకి దగ్గర. బేకరీలో బన్నులు చేస్తాడు. మళ్ళీ ఊరికి పోలేదు.

"మా ఊళ్ళో ఈ రోజుల్లో పెద్ద పెద్ద డోళ్ళు కొడతారు" అన్నాడు నాలాంటి వంకర ఉర్దూలోనే. "ఇక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. వాళ్ళ ఊళ్ళలో డోలు లేదు. యాభై ఏళ్ళు దాటింది నేను విని. ఒకసారి ఇస్తారా?"

ఎర్రన్న తన డప్పును పెండ్లానికి కూడా ఇవ్వడు. ఏమనుకున్నాడో, ఇచ్చాడు. ముసలాయన పుల్లలు పక్కనపెట్టి అరచేత్తో కొట్టాడు. ఒక దెబ్బ. ఆగాడు. రెండు దెబ్బలు. మళ్ళీ ఆగాడు. ఎర్రన్న చెవులు నిక్కించాడు.

"అక్కా, ఇది మన సావుడప్పు గదా" అన్నాడు. డప్పు తీసుకుని అదే దెబ్బ తను అందుకున్నాడు, నెమ్మదిగా, వీధి చివరిదాకా వినపడేట్టు.

ముసలాయన ఎదమీద అరచేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టాడు. కోప్పడిన పడుచువాడు అతని పక్కన నిలబడ్డాడు. ఇంకొకరు, ఇంకొకరు. డప్పు దెబ్బకు సరిగ్గా వందమంది ఎదల దెబ్బ. బయ్యన్న మధ్యలో చిక్కుకుపోయాడు. పులికి ఇక్కడ ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు కదా. కాసేపు దిక్కులు చూసి, తోక చంకలో పెట్టుకుని, తనూ ఎదమీద కొట్టుకున్నాడు. కొట్టుకున్నప్పుడల్లా పసుపు పొడి లేచి, చుట్టుపక్కల నల్లచొక్కాల మీద పడింది. నేను ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

ఆగిపోయాక ముసలాయన మా ఆయన ముందర కూర్చున్నాడు. "ఫాతెహా నాకు వచ్చు. బన్నులు చేసేవాడు చదివితే మీ పెట్టె తెరుచుకుంటుందా?"

నేను తెలుగులో చెప్పేలోపలే మా ఆయన పళ్ళెం ఆయన చేతిలో పెట్టి, రుమాలు నెత్తిన చుట్టేశాడు. మౌల్వీసాబు తొమ్మిదో రోజుకల్లా తిరిగి రమ్మని చెప్పి సాగనంపాడు.

మేం దిగేసరికి ఊరు ఊరంతా బస్సు దగ్గరికొచ్చింది. ఊళ్ళోవాళ్ళకు మర్నాటికల్లా ఆయన 'అబ్బాసయ్య' అయిపోయాడు. పద్మావతమ్మ తన ఇంట్లోనుంచి బిందె నీళ్ళు స్నానానికి పంపింది, మా ఊళ్ళో అంతకంటే మర్యాద లేదు. ఏడో రోజు మధ్యాహ్నం పెట్టె తెరిచారు. ఇత్తడి హస్తాల మీద ఏళ్ళనాటి పసుపు, కుంకుమ. అబ్బాసయ్య వాటిని చూసి ఒక్క క్షణం తబ్బిబ్బయ్యాడు. తర్వాత పెద్ద పీరుకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఫాతెహా చదివాడు. నుదుటికి కుంకుమ అంటింది. ఎవరమూ తుడుచుకోమనలేదు.

పొద్దు గూకుతోంది. గుండంలో మంట లేచింది. మా ఆయన స్నానం చేసి, తడిపంచెతో చావిడిలోకి పోయాడు. బయటికి వచ్చేసరికి భుజాన పెద్ద పీరు. పెండ్లిలో కూడా ఆ ముఖం నేను అంత వెలుగులో చూడలేదు. ఎర్రన్న దరువందుకున్నాడు, బయ్యన్న గెంతాడు, ఊరు ఊరంతా కేకలేసింది. ఇన్నేళ్ళ కోపమంతా మరిచి నేనూ ఎగిరాను. చావిడి నుంచి గుండం దాకా ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగులూ నడిచాడు.

గుండం దగ్గర ఆగాడు. పీరు బరువెక్కిందేమో అనుకున్నాను. కాదు. పక్కకు తిరిగి, జనం వెనకాల ఒక్కడే నిలబడి, చప్పుడు లేకుండా ఎదమీద కొట్టుకుంటున్న అబ్బాసయ్య దగ్గరికి పోయి, కర్ర ఆయన చేతుల్లో పెట్టాడు.

డప్పు తడబడింది. "ఏమప్పా కుళ్ళాయప్పా, ఏంది నువ్వు చేసేది?" అని ఎవరో అరిచారు. మా ఆయన ముసలాయన నడుము చుట్టూ చెయ్యేసి పట్టుకుని ముందుకు నడిపించాడు. అబ్బాసయ్య నోరు తెరిచి, పసిబిడ్డ మాదిరి ఏడుస్తూ నడిచాడు. ఆయన చుట్టూ ఊరంతా ఎగిరింది. ఆయన్ను ఏడవొద్దని ఎవరూ అనలేదు, మమ్మల్ని ఎగరొద్దని ఆయనా అనలేదు. మూడు చుట్లూ అట్లాగే తిరిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వడియాలు పోయాయి, పద్మావతమ్మ మాట పోయింది, బెంగుళూరు దాకా పులితో ఊరేగాను, ఇదంతా దేనికి? ఎనిమిదో రోజు పొద్దున అబ్బాసయ్యను బస్సెక్కించి వచ్చి, మా ఆయన పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"ఇరవై ఏండ్లు ఎదురుజూసి, ఇరవై అడుగులకే ఇచ్చేస్తివి. ఏం మనిషివయ్యా?"

మా ఆయన సంగటి వేలితో కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమే, సావింట్లో పాడె లేచేటప్పుడు ముందు భుజం ఎవరిది? సొంతోళ్ళది గదా. ఊరోళ్ళు ఆ ఎనక పడతారు. ఆయప్ప ఒక్కడే ఏడుస్తా నిలబడినాడు. ఆయప్పకు ఊశన్న సొంతోడు. సొంతోడు ఆడ నిలబడుకోనుంటే నేనెట్ల మోస్తానే?"

ఈ మనిషితో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. కోపంతో చాలాసార్లు ఏడ్చాను. ఆ పొద్దున ఏడ్చింది కోపంతో కాదు. ఆయన కంగారుపడి పొగ వల్లనుకుని పొయ్యి ఊదాడు. నేను ఇంకో ముద్ద సంగటి వేశాను.